చెదల తనిఖీ లిస్టింగ్ కంటే ముందే చేయించండి: అమెరికాలోని తెలుగు రియల్టర్లకు బహిరంగ లేఖ

రియల్టర్ మిత్రులందరికీ నమస్కారం.

అమెరికాలో మనవాళ్లు ఇల్లు కొనాలన్నా, ఉన్న ఇల్లు అమ్మాలన్నా ముందుగా ఫోన్ వెళ్లేది మీలో ఎవరో ఒకరికి. ఏ స్కూల్ జోన్ మంచిది, ఆఫర్ ఎంత పెట్టాలి, ఏ రిపేర్లు అడగాలి, ఏవి వదిలేయాలి అన్నీ మీ నోటి నుంచి విన్నాకే నిర్ణయం తీసుకుంటారు. తెలుగులో మాట్లాడే మనిషి, ఫలానావాళ్లకు ఇల్లు ఇప్పించిన మనిషి అనే నమ్మకం అది. అందుకే ఈ ఉత్తరం ఏ ప్రభుత్వ శాఖకో రాయకుండా నేరుగా మీకే రాస్తున్నాను.

ఇల్లు అమ్మేటప్పుడు చెదల తనిఖీ అవసరమా అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటుంది: "మన స్టేట్‌లో కంపల్సరీ కాదండీ." ఈ మాట అబద్ధం కాదు. కానీ దానితోనే మాట ఆగిపోతోంది. కంపల్సరీ కాదు అన్నది వినేవాళ్ల చెవిలో అక్కర్లేదు అని పడుతోంది. అమ్మకానికి పెట్టే ప్రతి ఇంటికీ, లిస్టింగ్ వేయకముందే, అంటే అమ్మకానికి ఉందని ప్రకటించకముందే, అమ్మేవాళ్ల చేత లైసెన్స్ ఉన్న మనిషితో చెదల తనిఖీ చేయించండి. ఆ రిపోర్టు మొత్తాన్నీ, ఆ ఇంటికి గతంలో జరిగిన ట్రీట్‌మెంట్ కాగితాలనూ కొనేవాళ్ల చేతికి ఇప్పించండి. నేను అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో వివరంగా చెప్తాను.

ముందు ఆ కంపల్సరీ సంగతి చూద్దాం. ఇల్లు అమ్మాలంటే చెదల తనిఖీ జరిగి తీరాలని దేశం మొత్తానికీ వర్తించే చట్టం ఏదీ లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్, జార్జియా, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల చట్టాలూ ప్రతి అమ్మకానికీ దీన్ని తప్పనిసరి చేయలేదు. షరతు వచ్చేది వేరే దారిలో, కొనేవాళ్ల లోన్ నుంచి. మాజీ సైనికులు తీసుకునే వీఏ లోన్‌కి, చెదల బెడద ఎక్కువని లెక్కలో ఉన్న రాష్ట్రాల్లో, ఉన్న ఇల్లు కొంటుంటే ఈ తనిఖీ రిపోర్టు ఉండాల్సిందే. చాలా ఏళ్లపాటు ఆ ఫీజు కొనే సైనికుడి చేత కట్టించకూడదనే నియమం కూడా ఉండేది, కాబట్టి అది సాధారణంగా అమ్మేవాళ్ల మీదే పడేది. 2022లో ఆ నియమం సడలించారు. ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ ప్రభుత్వ హౌసింగ్ సంస్థ) బీమా ఉన్న లోన్ అయితే, వాళ్ల హ్యాండ్‌బుక్ 4000.1 ప్రకారం, ఇంట్లో చెద ఉన్న ఆనవాళ్లు కనిపించినా, రాష్ట్రమో స్థానిక ప్రభుత్వమో అడిగినా, ఆ ప్రాంతంలో అలా చేయించడం రివాజు అయినా, లోన్ ఇచ్చేవాళ్లు కోరినా తనిఖీ కావాలి. ఇలా ప్రభుత్వ హామీ లేని కన్వెన్షనల్ లోన్‌లో, ఇంటి విలువ కట్టే అప్రైజర్ ఏదైనా అనుమానం రాస్తే తప్ప చాలాసార్లు ఆ ప్రస్తావనే రాదు. నేను చూసినంతలో మనవాళ్లలో చాలామంది కన్వెన్షనల్ లోన్ తీసుకుంటారు కాబట్టి, మన మధ్య జరిగే అమ్మకాల్లో ఈ తనిఖీ కనిపించకుండా పోయింది.

ఇక్కడ అమ్మేవాళ్ల వైపు నుంచి ఒక్క క్షణం ఆలోచించండి. లిస్టింగ్ పెట్టిన రోజున ఎవరు కొంటారో, ఏ లోన్‌తో వస్తారో ఎవరికీ తెలియదు. మంచి ఆఫర్ వీఏ లోన్‌తో రావచ్చు. అప్పుడు తనిఖీ ఎలాగూ జరుగుతుంది, అదీ క్లోజింగ్ (అమ్మకం పూర్తయ్యే) తేదీ నెత్తిమీదకు వచ్చాక. గోడ మూల చెదలు కట్టుకున్న మట్టి గొట్టం ఒకటి ఆ సమయంలో బయటపడితే అమ్మేవాళ్ల టెన్షన్ ఏ స్థాయిలో ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. దొరికిన కంపెనీని పిలుస్తారు, అడిగినంత ఇస్తారు, కొనేవాళ్లు అడిగినంత ధర తగ్గిస్తారు. అదే విషయం లిస్టింగ్‌కి నెల ముందు తెలిస్తే రెండు మూడు చోట్ల కొటేషన్లు తీసుకుని, ట్రీట్‌మెంట్ చేయించి, పాడైన చెక్క మార్పించి, వారంటీ కాగితంతో సహా ఇంటిని ధైర్యంగా చూపించవచ్చు.

"హోమ్ ఇన్‌స్పెక్షన్ చేయిస్తున్నాం కదా, మళ్లీ ఇది వేరేగా ఎందుకు?" అనే ప్రశ్న కూడా మీకు తరచూ వస్తుంది. దానికి మీరే గట్టిగా జవాబు చెప్పాలి. మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్లు పాటించే ప్రమాణాల్లో, ఏఎస్‌హెచ్ఐ (అమెరికా హోమ్ ఇన్‌స్పెక్టర్ల సంఘం) వాళ్లవి తీసుకున్నా సరే, చెదలు, ఇతర పురుగులు ఉన్నాయో లేవో తేల్చడం వాళ్ల బాధ్యత కాదని స్పష్టంగా రాసి ఉంటుంది. చూస్తూ చూస్తూ కంటబడితే కొందరు చెప్తారు, అంతే. చెక్క తినే పురుగుల రిపోర్టు రాయడానికి చాలా రాష్ట్రాల్లో వేరే లైసెన్స్ ఉండాలి. ఫారం కూడా వేరే. చాలా చోట్ల జాతీయ పెస్ట్ కంట్రోల్ సంఘం తయారుచేసిన ఎన్‌పీఎంఏ-33 వాడతారు. జార్జియా, టెక్సాస్, ఫ్లోరిడా, రెండు కరోలినాలకూ సొంత అధికారిక ఫారాలున్నాయి. సౌత్ కరోలినాలో ఆ రిపోర్టుని అందరూ సీఎల్-100 అనే పిలుస్తారు.

ఇక మా ఇంట్లో జరిగిన సంగతి. మా తమ్ముడి కుటుంబం జార్జియాలో పదేళ్లు కూడా నిండని ఇల్లు కొంది. నేల మీద పోసిన సిమెంటు స్లాబ్ మీద కట్టిన ఇల్లు, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. హోమ్ ఇన్‌స్పెక్షన్ చేయించారు. చెదల తనిఖీ గురించి అడిగితే తప్పనిసరి కాదన్నారు, ఇంటికి వయసే లేదన్నారు. మార్చిలో ఒక మధ్యాహ్నం వాన వెలిశాక గ్యారేజ్ పక్క గదిలో కిటికీ నిండా ఉసిళ్లు. మా మరదలు రెక్కల చీమలనుకుని వాక్యూమ్‌తో తీసేసింది. మర్నాడు మళ్లీ వచ్చాయి. పిలిపించిన టెక్నీషియన్ లోపల అడుగు పెట్టకముందే ముందు వరండా సిమెంటు మీద చెయ్యి చూపించాడు. గోడ వెంబడి అడుగుకొకటి చొప్పున వరసగా గుండ్రటి మచ్చలు. నేలలోకి మందు పంపడానికి డ్రిల్ చేసి, మళ్లీ సిమెంటుతో పూడ్చిన రంధ్రాలవి. అంటే ఇల్లు కట్టిన తర్వాత ఎప్పుడో ఇక్కడ ట్రీట్‌మెంట్ జరిగింది. రోజూ ఆ వరండా మీద నుంచే నడిచి లోపలికి వెళ్తున్నారు, అవేమిటో తెలిసినవాళ్లు లేరు.

ఆరా తీస్తే తేలిందేమిటంటే, పాత ఓనర్లు ట్రీట్‌మెంట్ చేయించుకుని, ఏడాదికోసారి రెన్యూ చేసుకునే టెర్మైట్ బాండ్ కూడా తీసుకున్నారు. ఇల్లు అమ్మిన ఏడాది రెన్యువల్ కట్టలేదు. కట్టి ఉంటే ఆ బాండ్ కొత్త ఓనర్ పేరు మీదకు మారేది, మళ్లీ చెద వస్తే ఆ కంపెనీయే వచ్చి చూసుకునేది. అమ్మినవాళ్లు కూడా తెలుగువాళ్లే. కావాలని దాచారని నేను ఇప్పటికీ అనుకోను. ఇల్లు అమ్ముతున్నాం, ఇక ఆ బిల్లు మనకెందుకు అనుకుని ఉంటారు. వాళ్ల ఏజెంటు ఒక్క మాట అడిగి ఉంటే ఫైల్లోంచి ఆ కాగితాలు తీసి ఇచ్చేవాళ్లే. గోడ విప్పితే లోపలి చెక్క ఎక్కడికక్కడ డొల్లయిపోయి ఉంది. ఖర్చు వేల డాలర్లలో తేలింది. హోమ్ ఇన్సూరెన్స్ నుంచి ఏమీ రాలేదు. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ పాలసీలు చెదల నష్టాన్ని మెయింటెనెన్స్ లోపంగా చూస్తాయి తప్ప కవర్ చేయవు. ఈ సంగతైనా కొనేవాళ్లకు ముందే చెప్పండి. విన్న ప్రతివాళ్లూ ఆశ్చర్యపోతున్నారు.

జార్జియాలో మరో చిక్కుంది. అక్కడ అమ్మేవాళ్లు ఫలానా ఫారం నింపి లోపాలన్నీ రాసివ్వాలని చట్టం అడగదు. కొనేవాడే జాగ్రత్తగా చూసుకోవాలన్నది పాత సూత్రం, తెలిసి దాచిపెట్టిన లోపాల విషయంలో తప్ప. టెక్సాస్ దీనికి భిన్నం. అక్కడ అమ్మేవాళ్లు నింపి ఇచ్చే సెల్లర్స్ డిస్‌క్లోజర్ నోటీసులో చెదల గురించి వేర్వేరుగా అడుగుతారు: ఇప్పుడు చెద ఉందా, రిపేరు చేయాల్సిన నష్టం ఉందా, గతంలో నష్టం జరిగిందా, గతంలో ట్రీట్‌మెంట్ చేయించారా. ఇల్లు అమ్మే ప్రతి రాష్ట్రంలోనూ అడగాల్సిన ప్రశ్నలివి. మీరు జార్జియాలో ఉన్నా సరే, మీ క్లయింట్‌ని కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు రాసి పెట్టుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. టెక్సాస్‌లోనే ఇంకో మంచి పద్ధతి ఉంది. తనిఖీ చేసిన మనిషి వెళ్లేముందు, ఎలక్ట్రిక్ బ్రేకర్ బాక్స్‌లోనో, వాటర్ హీటర్ క్లోజెట్‌లోనో, కిచెన్ సింక్ కిందో తేదీతో నోటీసు అంటించి వెళ్లాలి. అక్కడ ఇల్లు చూపించడానికి వెళ్లినప్పుడు సింక్ కింద తలుపు తెరిచి చూడటం మీకు అలవాటు కావాలి. కాలిఫోర్నియాలో ఒక ఇంటికి గడిచిన రెండేళ్లలో జరిగిన తనిఖీల రిపోర్టుల కాపీ కావాలంటే అక్కడి స్ట్రక్చరల్ పెస్ట్ కంట్రోల్ బోర్డు ద్వారా తెప్పించుకోవచ్చు. అంతేకాదు, అక్కడి ఏజెంట్లు ఇంటిని తామే జాగ్రత్తగా కళ్లతో పరీక్షించి, కనిపించినవి కొనేవాళ్లకు చెప్పాలని చట్టమే చెబుతోంది.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. బయటకు ఎవరూ గట్టిగా అనరు గానీ, లిస్టింగ్‌కి ముందు తనిఖీ వద్దనడానికి లోపల ఉండే కారణం ఒకటుంది. తనిఖీలో ఏదైనా బయటపడితే దాన్ని కొనేవాళ్లకు చెప్పాలి. తెలియకపోతే చెప్పే పనే ఉండదు. "ఎందుకండీ కోరి తలనొప్పి తెచ్చుకోవడం, వాళ్లకి కావాలంటే వాళ్లే చేయించుకుంటారు" అని ఒక ఏజెంటు నా ఎదురుగానే అమ్మేవాళ్లకు సలహా ఇవ్వడం విన్నాను. ఆయన చెడ్డ మనిషేం కాదు, తన క్లయింట్‌ని కాపాడుతున్నాననే అనుకున్నాడు.

ఈ దేశపు కోర్టులు ఈ ప్రశ్నను చెదల కేసుల్లోనే ఎదుర్కొన్నాయి. 1942లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ముందుకు ఒక కేసు వచ్చింది. ఒక బ్యాంకు చెదపట్టిన ఇంటిని ఆ మాట చెప్పకుండా అమ్మింది. కొన్న మనిషికి దాదాపు రెండేళ్ల తర్వాత తెలిసింది. అబద్ధం చెప్పలేదు, చూడకుండా అడ్డుకోలేదు, ఊరికే మాట్లాడకుండా ఉంది కాబట్టి బ్యాంకు తప్పు లేదని కోర్టు తేల్చింది. 1960లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీం కోర్టు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. ఆ కేసులో అమ్మినవాళ్లకు చెదల సంగతి తెలుసు, కొంత ట్రీట్‌మెంట్ కూడా చేయించారు, ఆ విషయం చెప్పకుండా భవనం అమ్మేశారు. కొనేవాళ్లు మామూలుగా చూస్తే కనిపించని ఇలాంటి లోపాన్ని, అడగకపోయినా సరే, తెలిసినవాళ్లు చెప్పి తీరాలని కోర్టు అంది. ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాలు ఈ రెండో దారిలోకే వచ్చాయి. మొదటి తీర్పు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన, ఒక కుటుంబం తన కష్టార్జితమంతా పెట్టి కొనే ఇంటి గురించి నోరు మెదపకుండా ఉండటం సరైన పని ఎలా అవుతుంది?

తెలియకుండా ఉండిపోదాం అనే ఉపాయం మీకు కూడా రక్షణ ఇవ్వదు. వసంతంలో కిటికీ కింద రాలిన రెక్కలు చూసిన అమ్మకందారు తనకు తెలియదని ఎలా అంటాడు? పాత బాండ్ బిల్లు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. ట్రీట్‌మెంట్ చేసిన కంపెనీ దగ్గర అడ్రస్‌తో సహా రికార్డు ఉంటుంది. మా తమ్ముడి విషయంలో ఒక్క ఫోన్ కాల్‌తో బయటపడింది.

పైగా ఇళ్ల అమ్మకాల సీజనూ, ఉసిళ్లు ఎగిరే సీజనూ ఒకటే. మార్చి నుంచి మే వరకు మీకు ఊపిరి సలపనన్ని లిస్టింగులు. తూర్పు రాష్ట్రాల్లో నేలలో బతికే మామూలు చెదలు సరిగ్గా ఆ నెలల్లోనే, వాన పడి ఎండ కాసిన పగటిపూట గుంపుగా బయటకు వస్తాయి. దక్షిణాది రాష్ట్రాల్లో ఫార్మోసన్ చెదలని ఇంకో రకం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆసియా నుంచి వచ్చిన ఓడల సరుకుతో ఇవి ఈ దేశంలో అడుగుపెట్టాయి. ఇవి మే, జూన్ నెలల్లో సాయంత్రాలు దీపాల చుట్టూ మూగుతాయి. వీటి గుంపులు చాలా పెద్దవి, నష్టం కూడా తొందరగా జరుగుతుంది. ఓపెన్ హౌస్‌కి ముందు ఇల్లు శుభ్రం చేయించేటప్పుడు కిటికీ పట్టెల మీద రెక్కలో, రెక్కలున్న పురుగులో కనిపిస్తే దయచేసి ఊడ్పించేయకండి. నాలుగింటిని జిప్‌లాక్ కవర్లో వేసి తనిఖీకి వచ్చే మనిషికి ఇవ్వండి. చీమలో చెదలో రెండు నిమిషాల్లో చెప్తాడు. నాలుగు రెక్కలూ సమానంగా, నడుము సన్నబడకుండా, మీసాలు వంపు లేకుండా ఉంటే చెదలు.

రిపోర్టు చదవడం గురించి కూడా చెప్పాలి. ఎన్‌పీఎంఏ-33 ఫారం వస్తే చాలామంది మొదటి పేజీలో ఆనవాళ్లు ఏవీ కనిపించలేదన్న గడిలో టిక్ చూసి, "క్లియర్" అని మెసేజ్ పెట్టేసి ఊరుకుంటున్నారు. అదే ఫారంలో, అడ్డుగా ఉన్నవీ, చూడటానికి వీలుకానివీ రాసే భాగం ఇంకొకటి ఉంటుంది. ఎక్కడెక్కడ కార్పెట్ వల్ల, ఇన్సులేషన్ వల్ల, సామాన్ల వల్ల, దట్టమైన మొక్కల వల్ల చూడలేకపోయారో అక్కడ నంబర్లతో వేస్తారు. నా దృష్టిలో ఆ ఫారం మొత్తంలో అత్యంత విలువైన భాగం అదే. గ్యారేజ్ మూడు గోడలకూ అట్టపెట్టెలు పేర్చి ఉంటే, ఇంటి కింద పాకి వెళ్లే క్రాల్ స్పేస్ తలుపు తెరుచుకోకపోతే, ఆ "క్లియర్" కి అర్థం చూసినంత మేరకు కనిపించలేదని మాత్రమే. దాగి ఉన్నవాటికీ, రేపు రాబోయేవాటికీ ఇది గ్యారంటీ కాదని ఆ ఫారం మీదే రాసి ఉంటుంది.

కాబట్టి అమ్మేవాళ్లకు మీరు చెప్పే సన్నాహాల్లో దీన్నీ చేర్చండి. ఫొటోలు తీయడానికి ముందు ఇల్లు సర్దమని ఎలాగూ చెప్తారు. తనిఖీకి ముందు గ్యారేజ్ గోడల నుంచి సామాను ఒక అడుగైనా ఇవతలకు జరపమని, అటక మీదకు వెళ్లే దారి ఖాళీగా ఉంచమని, బయట గోడలకు ఆనుకుని పెరిగిన పొదలు కత్తిరించమని చెప్పండి. అందం కోసం గోడ పక్కన మల్చ్ (చెక్క పొట్టు) పోయించేది కూడా ఆ వారంలోనే. అది సైడింగ్‌ని (బయటి గోడకు తొడిగిన పలకలను) తాకేంత ఎత్తుగా పోయించకండి. నేలకూ సైడింగ్‌కీ మధ్య పునాది నాలుగైదు అంగుళాలైనా బయటకు కనిపిస్తుంటేనే పాకే మట్టి గొట్టం కంటికి దొరుకుతుంది. స్లాబ్ ఇళ్లలో చెదలు ఎక్కువగా పైపులు స్లాబ్‌ని చీల్చుకుని వచ్చే చోట, సిమెంటు అతుకుల దగ్గర లోపలికి వస్తాయి. బాత్‌టబ్ వెనక ఉండే చిన్న తలుపు తెరిచి చూశారా అని తనిఖీ చేసినవాళ్లను అడగండి.

కొత్త ఇళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన సమాజంలో అసలు చిక్కు అక్కడే మొదలవుతోంది. మనవాళ్లలో చాలామంది బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొంటారు, పిల్లల స్కూలు మారాలనో, ఇంకా పెద్ద ఇల్లు కావాలనో కొన్నేళ్లకు అమ్ముతారు. ఇల్లు కట్టేటప్పుడు చెదల ప్రీట్రీట్‌మెంట్ (ముందుజాగ్రత్త మందు) జరిగిందని బిల్డర్ కాగితం ఇస్తాడు. ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ లోన్లకు వాడే బిల్డర్ గ్యారంటీ ఫారం 99-ఎ లో గ్యారంటీ కాలం ఒక్క ఏడాదే. తర్వాత బాండ్ రెన్యూ చేయమని కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది. కొత్త ఇల్లు కదా, ఇదేదో అమ్ముకోవడానికి పంపిన ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేస్తారు. కొన్నేళ్ల తర్వాత ఆ ఇల్లు మీ దగ్గరకు అమ్మకానికి వచ్చేసరికి రక్షణ ఎప్పుడో పోయి ఉంటుంది, అమ్మేవాళ్లు మాత్రం "బిల్డర్ ట్రీట్‌మెంట్ చేయించాడండీ" అని నిజాయితీగా చెప్తారు. కొత్త ఇల్లు ఇప్పించిన ప్రతి కుటుంబానికీ ఏడాది నిండేలోపు ఒక మెసేజ్ పెట్టండి, బాండ్ రెన్యూ చేసుకోమని. దీపావళి శుభాకాంక్షలు ఎలాగూ పంపుతారు, ఇదీ అలాగే.

బాండ్లలో తేడా కూడా వివరించండి. కొన్ని బాండ్ల కింద చెద మళ్లీ వస్తే మందు మాత్రమే ఉచితంగా కొడతారు. కొన్నింటిలో పాడైన చెక్క రిపేరు ఖర్చు కూడా కంపెనీయే భరిస్తుంది. కొనేవాళ్లకు ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి, నష్టం జరిగిన రోజున తేడా తెలుస్తుంది.

ఇంకో రెండు విషయాలు. ఉచిత తనిఖీ అనే ఆఫర్లున్నాయి. తనిఖీ చేసే కంపెనీయే ట్రీట్‌మెంట్ కూడా అమ్ముతుంటే, ఉచితంగా వచ్చిన మనిషి దేనికోసం వచ్చాడో ఊహించడం కష్టం కాదు. ఒక్కోసారి దీనికి ఎదురు వైపు ఒత్తిడి కూడా ఉంటుంది. ఏజెంటు పంపే పనుల మీద ఆధారపడిన కంపెనీ, డీల్ చెడగొట్టే రిపోర్టు రాయడానికి వెనకాడుతుంది. వంద డాలర్లకు కాస్త అటూ ఇటూ అయ్యే ఫీజు కట్టి, మీ క్లయింట్ ఎంచుకున్న చోట తనిఖీ చేయించడమే మంచిది. ఎప్పుడూ ఒకే పేరు చెప్పకుండా రెండు మూడు పేర్లు ఇవ్వండి. రెండో విషయం, ముహూర్తాలు. గృహప్రవేశం ముహూర్తం ముందే పెట్టేసుకుని, దానికి తగ్గట్టు క్లోజింగ్ ఆ వారంలోనే కావాలని పట్టుబట్టే కుటుంబాలు చాలా ఉన్నాయి. అప్పుడు మొదట కోత పడేది తనిఖీల మీదే. ముహూర్తం గురించి నాకు ఏ అభ్యంతరమూ లేదు, మేమూ పెట్టుకున్నాం. అమ్మేవాళ్ల రిపోర్టు ముందే సిద్ధంగా ఉంటే ఆ హడావిడిలో కూడా కొనేవాళ్ల చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

మీలో కొందరు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. లోన్ కోసం వాడే ఎన్‌పీఎంఏ-33 రిపోర్టు 90 రోజులే చెల్లుతుంది, ముందే చేయిస్తే క్లోజింగ్ నాటికి గడువు దాటిపోవచ్చు కదా అని. దాటిపోవచ్చు. అప్పుడు మళ్లీ చేయించాలి, మరో వంద డాలర్లు. కానీ మొదటి రిపోర్టు వృథా కాదు. దాని పని లోన్ ఫైల్లో ఉండటం ఒక్కటే కాదు కదా. ఇంటి పరిస్థితి ఏమిటో, గతంలో ఏం జరిగిందో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ బేరానికి ముందే తెలుసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. పాత ట్రీట్‌మెంట్ ఉందని తెలిస్తే కొనేవాళ్లు పారిపోతారనే భయం కూడా నాకు సరైనదిగా తోచదు. జార్జియా, ఫ్లోరిడా, లూసియానా, కాలిఫోర్నియాల్లో చెద పట్టని వీధి వెతకడం కష్టం. చికిత్స జరిగి, కాగితాలున్న ఇల్లు, ఏమీ తెలియని ఇంటికంటే నమ్మదగినదని మీరు చెప్తే జనం వింటారు. ఇంతకుముందే అన్నాను, మీ మాట వింటారు.

ఈ వసంతంలో మీ చేతికి వచ్చే మొదటి లిస్టింగ్‌తోనే మొదలుపెట్టండి. అమ్మేవాళ్లను మొదటిసారి కలిసినప్పుడే బిల్డర్ ఇచ్చిన ప్రీట్రీట్‌మెంట్ కాగితం, పాత రిపోర్టులు, బాండ్ ఒప్పందం వెతికి పెట్టమనండి. బాండ్ బతికి ఉంటే క్లోజింగ్ అయ్యేదాకా రెన్యువల్ ఆపొద్దని చెప్పండి. ఆ కంపెనీకి ఫోన్ చేసి కొత్త ఓనర్ పేరు మీదకు మార్చడానికి ఏం కావాలో కనుక్కోండి, మార్పు ఫీజు ఎవరు కట్టాలో కాంట్రాక్టులోనే రాయించండి.

ఇట్లు,
జార్జియాలో ఉంటున్న ఒక తెలుగు గృహస్థు